ఖాజా ఉస్తాద్ పేచ్‌కస్

ధారూరు దాటి కొంత దూరం పోయాక నా కారుకు చలిజ్వరం పట్టుకుంది. ఏటా కొత్త కంది మిల్లులకు రాగానే వికారాబాదు నుంచి తాండూరు వెళ్ళి, ఏడాదికి సరిపడా పప్పు తెచ్చుకోవడం నా అలవాటు. రిటైరైన లెక్చరరుకు అంతకు మించిన రాచకార్యాలేముంటాయి! ఆ డీజిల్ కారు కూడా నాలాగే వయసు మీద పడ్డదే. గేదెలు అడ్డం వస్తే బ్రేకు తొక్కి నిలబెట్టాను. స్టీరింగు గడగడా వణికింది. ఎత్తు ఎక్కుతుంటే ఎవరో వెనక నుంచి చొక్కా పట్టి గుంజుతున్నట్టు కుదుపు. చదునులో వేగం అందుకోగానే ఏమీ ఎరగనట్టు సాఫీగా నడక. ఈ దొంగవేషాలు నాకు బాగా తెలుసు. "నాలుగింట్ల ఒకటి పని చేస్తలేదు" అని ఒక్కదాన్నే పైకి అనేశాను. అంటూనే ఉలిక్కిపడ్డాను. ఆ మాట నా నోట రాక నలభై ఏళ్ళు దాటింది.

తాండూరు మొదట్లోని బంకులో, డీజిల్ పంపు పని బాగా తెలిసినవాళ్ళెవరని అడిగాను. అక్కడి కుర్రాడు "అన్వర్ భాయ్ తాన్కి పోండ్రి మేడం. వాళ్ళ అబ్బా ఖాజా ఉస్తాద్ ఉండె, పెద్ద మిస్త్రీ. ఆయన పోయి మస్తు రోజులాయె" అన్నాడు. వెనక్కి తిరిగి వికారాబాదు వెళ్ళిపోదామా అనుకున్నాను. పప్పు ఎక్కడైనా దొరుకుతుంది. కానీ ఇంతగా వణికే కారును వేసుకుని ఎక్కడికని పోతాను? ఏ గడప తొక్కకుండా నలభై ఏళ్ళు తప్పించుకు తిరిగానో, ఆ గడప ముందుకే తీసుకుపోయి దించింది మహాతల్లి.

నా చిన్నప్పుడు తాండూరులో మా ఇంట్లో తెల్లవారడమంటే కారు లేవడమే. నాయన మొదట కొన్నది పెట్రోలు కారు. దాని తిండికి తట్టుకోలేక కొన్నాళ్ళకు అందులో డీజిల్ ఇంజను ఎక్కించాడు. ఆ రోజుల్లో మా దిక్కు చాలామంది చేసిన పనే. దాంతో చూడ్డానికి తెల్లపంచె పెద్దమనిషి, గొంతు మాత్రం పహిల్వానుది. పొద్దున్నే నాయన సీట్లో కూర్చుని హీటరు మీట నొక్కేవాడు. స్టీరింగు పక్కనున్న చిన్న గాజు కిటికీలో తీగ ఎర్రబడేదాకా "గోవిందా, గోవిందా" అని లెక్కపెట్టుకుంటూ ఉండేవాడు. ఇరవయ్యో గోవిందకు ఇంజను దగ్గి, ఉమ్మి, ఒళ్ళు విరుచుకుని లేచేది. ఆ తెల్లపొగంతా నేరుగా వంటింట్లోకి. అమ్మ జొన్నరొట్టె తడుతూ "రొట్టెలన్ని డీజిల్ కంపే. ఇగ కూర ఎందుకు, గదే నంజుకోండ్రి" అని రోజూ తిట్టేది. కారు నిలబడే చోట నీలం రంగు తాండూరు బండ మీద నల్లటి నూనె మరక ఒకటి ఉండేది. అమ్మ ఎంత రుద్దినా పోలేదు. ఇప్పటికీ ఎక్కడైనా చల్లటి ఉదయం డీజిల్ పొగ వాసన వస్తే నాకు ముందు ఆకలి వేస్తుంది.

కారుకు సుస్తీ చేస్తే ఇంటికి వచ్చే వైద్యుడు ఖాజా ఉస్తాద్. సన్నటి మనిషి, మెహందీ పెట్టిన గడ్డం, ఎప్పుడూ జేబులో ఒక పాతగుడ్డ. ఆయన వస్తున్నాడంటే నాయనమ్మ వంటింటి కిటికీ గూట్లోంచి ఒక గాజు గ్లాసు దింపించేది. అది ఆయనొక్కడికే. మా ఇంటి గ్లాసులతో కలిసేది కాదు. ఆయన చాయ్ తాగి, తనే కడిగి, గూట్లో బోర్లించి పోయేవాడు. ఎవరి ఎంగిలీ ఎవరికీ అంటకూడదన్నది నాయనమ్మ శాసనం. నాకు అప్పుడు అందులో తప్పేమీ తోచలేదు. ఇది గొప్పగా చెప్పుకునే మాట కాదు, ఉన్నది చెబుతున్నాను. ఆ గ్లాసు అంచు మీద చిన్న పగులుండేది. నాలుగేళ్ళపాటు ఎవరూ మార్చలేదు.

నాకు ఇరవై ఒకటో ఏట నాయన మోకాలు చెడింది. బ్రేకు తొక్కలేడు. పెట్టిన డ్రైవర్లు నెలకొకడు చొప్పున పారిపోతున్నారు, నాయన నోటికి జడిసి. అన్నదమ్ములు లేరు. డిగ్రీ చదివి ఇంట్లో ఖాళీగా ఉన్నదాన్ని నేనే. "కంది చేన్ల ట్రాక్టరు తోలుతవు గద, ఇదెంత?" అని తాళంచెవి నా చేతిలో పెట్టాడు నాయన. తాండూరు బజారులో నేను కారు తోలుతూ పోతుంటే మనుషులు అంగళ్ళలోంచి బయటికొచ్చి చూసేవాళ్ళు. ఆ తాళంచెవి నాకెంత ఇష్టమో చెప్పలేను. పడుకునేటప్పుడు తలగడ కింద పెట్టుకునేదాన్ని. అట్లా రైలు గేటు దగ్గరి ఉస్తాద్ రేకుల షెడ్డుకు కారు తీసుకుపోవడం నా వంతయింది.

ఆయన పద్ధతి చెప్పాలి. అప్పటి ఇంజన్లలో డీజిల్ పంపు నుంచి నాలుగు ఇనుప గొట్టాలు నాలుగు ఇంజెక్టర్లకు పోయేవి. ఇంజను నెమ్మదిగా నడుస్తుండగానే ఉస్తాద్ ఒక్కొక్క గొట్టం నట్టు కాస్త వదులు చేసేవాడు. ఆ ఇంజెక్టరుకు డీజిల్ అందదు. అది బాగా పని చేసేదైతే ఇంజను గొంతు వెంటనే మారుతుంది, వణుకు పెరుగుతుంది. నట్టు వదిలినా గొంతు మారలేదంటే, అదే రోగిష్టిది. ఉన్నా లేకున్నా ఒకటే. "ఇంట్ల పని చెయ్యనోడు పోయిననాడు తెలుస్తద బిడ్డా? తెల్వదు. గంతే" అని నవ్వేవాడు. తరవాత పొడుగాటి పేచ్‌కస్, మనం స్క్రూడ్రైవర్ అనేది, దాని మొన ఇంజెక్టరు మీద ఆనించి లోపలి చప్పుడు వినేవాడు. అందరు మిస్త్రీలూ పిడిని చెవికి ఆనిస్తారు. ఆయన మాత్రం చెక్కపిడిని పళ్ళ మధ్య కరిచి పట్టుకునేవాడు. ఎందుకట్లా అని అడిగితే "చెవులకెళ్ళి అబద్ధం గూడ పోతది. పండ్లకెళ్ళి నిజమే పోతది" అన్నాడు. అబ్బ, ఎంత మాట అనుకున్నాను. నా స్నేహితురాళ్ళందరికీ చెప్పాను కూడా.

ఒకనాడు షెడ్డులో పైన కట్టిన సైలెన్సరు గొట్టం, తాడు తెగి, ఆయన వెనకాలే బండల మీద ధడేలున పడింది. నేను కెవ్వుమన్నాను. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. ఉస్తాద్ మాత్రం తల ఎత్తకుండా నట్టు బిగించుకుంటున్నాడు. తరవాత నా ముఖం చూశాడు, నా చూపు వెంబడి వెనక్కి తిరిగి గొట్టాన్ని చూశాడు. ఆయన ముఖంలో రంగు పోయింది.

"ఎప్పటి సంది ఉస్తాద్?" అన్నాను, ఆయన ఎదురుగా వచ్చి.

"రెండేండ్లాయె. మనిషి మూతి జూసి మాట పట్టుకుంట. మీ నాయిన మీసాలతోనే పరేషాన్, ఏమన్నడో సగం తెల్వది." నవ్వబోయి నవ్వలేకపోయాడు. "బిడ్డా, చెవుల్లేని మిస్త్రీ తాన్కి బండి ఎవరు తెస్తరు చెప్పు? ఇంట్ల ఆరుగురు తినెటోళ్ళున్నరు. ఎవ్వరికి చెప్పకు."

చెప్పనని ఒట్టు పెట్టుకున్నాను. ఆనాటి నుంచి ఆయన నట్టు వదిలేటప్పుడు నేను బానెట్ పక్కన నిలబడేదాన్ని. గొంతు మారితే బొటనవేలు ఎత్తాలి, మారకపోతే తల అడ్డంగా ఊపాలి. మా కారే కాదు, నేనక్కడ ఉండగా వచ్చిన జీపులకూ అంతే. చూసేవాళ్ళు "ఉస్తాద్ పటేలు బిడ్డకు పని నేర్పుతుండు" అనుకునేవాళ్ళు. కొన్ని నెలలు నేనాయన చెవులను. నా బతుకులో నాకు అంత విలువ మళ్ళీ ఏ కాలేజీ ఇవ్వలేదు.

అసలు సంగతికి వస్తాను, ఎంతసేపని తప్పించుకుంటాను. పరిగి నుంచి నాకొక సంబంధం వచ్చింది. పెళ్ళివారి పెద్దలను మన కారులోనే అనంతగిరి పద్మనాభస్వామి గుడికి తీసుకుపోయి, అక్కడ మాటాముచ్చటా అనుకుందామన్నాడు నాయన. ఆ పొద్దునే కారుకు వణుకు పట్టుకుంది. అంతా నేర్చేసుకున్నానన్న మిడిసిపాటు నాది. ఇంటి దగ్గరే, డ్రైవరు తలుపు పక్కన నిలబడి, బానెట్ మీద వంగి నేనే నట్లు వదిలి చూశాను. నా చేతికి దగ్గరున్నది ఒకటి, తరవాతిది రెండు, మూడు. మూడోది వదిలినా గొంతు మారలేదు. పరుగున షెడ్డుకు తీసుకుపోయి "మూడోది ఉస్తాద్, నేనే చూసిన" అన్నాను.

"పక్కానా?"

"పక్కా. చుట్టాలొచ్చి కూసున్నరు, జల్ది జెయ్యి."

మామూలుగా అయితే ఆయన విప్పిన ఇంజెక్టరును చేతిపంపుకు బిగించి, డీజిల్ మంచులాగా చిమ్ముతోందా, చుక్కలుగా కారుతోందా అని కళ్ళతో చూసేవాడు. ఆ వారం చేతిపంపు చెడిపోయి హైదరాబాదుకు పోయింది. "అయితే నీ మాట మీద పెడ్తున్న" అని, పేచ్‌కస్ పళ్ళకు పెట్టకుండానే, మూడోదాంట్లో కొత్త నాజిల్ వేశాడు. స్టార్టు చేసి, ఎట్లుందన్నట్టు నా వంక చూశాడు. నేను తొందరలో ఆక్సిలరేటరు తొక్కి పట్టుకున్నాను. వేగంలో ఈ జబ్బు దాక్కుంటుందని నాకు తెలుసు. కాలు తీసి ఒక్క నిమిషం నెమ్మదిగా నడవనిచ్చి వింటే సరిపోయేది. వినలేదు. బొటనవేలు ఎత్తాను.

ఆ రోజు పెద్దవాళ్ళ ముందు ఆడపిల్ల తోలితే బాగుండదని ఒక డ్రైవరును పిలిపించారు. నేను వెనక సీట్లో పెళ్ళికొడుకు తరఫు అత్తలిద్దరి మధ్య పట్టుచీరలో నలుగుతున్నాను. అనంతగిరి ఎత్తు మొదలయిందో లేదో కారు కుదిపి కుదిపి, నల్లగా పొగ కక్కి, నడిమధ్య ఆగిపోయింది. పెళ్ళికొడుకు మేనమామ, భారీ మనిషి, దిగి కాసేపు తోశాడు. తెల్లపంచెకు నల్లటి చారలు. డ్రైవరు బండి పక్కకు ఆపి, స్టార్టు చేసి, నట్లు వదిలి చూడటం మొదలుపెట్టాడు. నేను గాలికని దిగి కారు ముందర నిలబడి ఉన్నాను. మొదట ఫ్యాను పక్కది వదిలాడు. గొంతు మారింది. రెండోది వదిలాడు. మారలేదు.

"గీ రెండోదే చెడింది పటేలా" అన్నాడు డ్రైవరు.

అప్పుడు తెలిసింది నాకు. మిస్త్రీల లెక్క ఎప్పుడూ ఫ్యాను దిక్కు నుంచి మొదలవుతుంది. నేను సీటు దిక్కు నుంచి లెక్కపెట్టాను. నా మూడోది వాళ్ళకు రెండోది. ఉస్తాద్ నిక్షేపంగా ఉన్నదాన్ని మార్చాడు, చెడ్డదాన్ని నా మాట మీద వదిలేశాడు.

నాయన ముఖం కందగడ్డ అయింది. "ఖాజామియాకు చెవులు పోయినయ్! ఇంజను ఏమని మొత్తుకుంటుందో గూడ ఇనొస్తలేదు ముసలోనికి!" అని ఆ ఘాట్ రోడ్డు మీద అరిచాడు. తిట్టుగా అన్న మాట, అక్షరాలా నిజం. తప్పు నాది నాయినా అనాలి. ఒక్క మాట. అనలేదు. ఆ సంబంధం తప్పిపోయింది, దానికి నేనేం ఏడవలేదు. కానీ నాయన ఆ మాటను అక్కడ వదల్లేదు. కంది మార్కెట్లో అన్నాడు, చాయ్ హోటల్లో అన్నాడు. మనుషులు ఉస్తాద్‌ను వెనక నుంచి పిలిచి చూడటం మొదలుపెట్టారు. ఆయన తిరగలేదు. నెల తిరక్కుండా షెడ్డు ముందు బండ్లు లేవు. తరవాత ఆయన కరణ్‌కోట దిక్కు క్వారీ లారీలకు గ్రీజు కొట్టే పనికి బస్సెక్కి పోతున్నాడని విన్నాను. అంతటి ఉస్తాద్, గ్రీజు!

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. నేను లెక్క తప్పానంటే, ఒక మిస్త్రీ ఆడపిల్ల మాట ఎందుకు నమ్మాడని అడుగుతారు. అప్పుడు ఆయన రహస్యం బయటపడుతుంది, కాబట్టి నోరు మూసుకోవడమే ఆయనకు మేలు అని సర్దిచెప్పుకున్నాను. రహస్యం బయటపడ్డాక కూడా మూసుకునే ఉన్నాను మరి! అసలు సంగతి తలగడ కింద ఉంది. చెబితే నాయన తాళంచెవి లాక్కుంటాడు. దానికోసం ఒక మనిషి అన్నం పోతుంటే చూస్తూ ఊరుకున్నాను. ఏడాదికి పరిగిలో ఉద్యోగం వచ్చింది. బస్సు రైలు గేటు దగ్గర ఆగిన ప్రతిసారీ నేను రెండో వైపు చూసేదాన్ని.

ఇప్పుడు అన్వర్‌కు యాభై ఏళ్ళుంటాయి. గడ్డం అచ్చం తండ్రిదే, మెహందీ ఒక్కటే తక్కువ. షెడ్డు పోయి పెద్ద షాపయింది. నా కారుకు ఒక చిన్న యంత్రం తగిలించి తెర మీద అంకెలు చూశాడు. పాతకాలంలాగా నట్లు వదిలి చూడవా అని నోరు జారి అడిగాను.

"అమ్మో, గిప్పుడు గట్ల ఇప్పితే చెయ్యి తెగుతది మేడం, గంత ప్రెషర్ ఉంటది. మీకెట్ల తెలుసు గా పని?"

నేను వంగి ఇంజనులోకి చూశాను. అతను నాలుగు ఇంజెక్టర్లకు నాలుగు చిన్న సీసాలు వేలాడదీసి ఇంజను నడిపాడు. వాడుకోకుండా తిరిగొచ్చే డీజిల్ సీసాల్లోకి దిగుతుంది. మూడింట్లో అడుగున కాస్త. ఒకదాంట్లో మాత్రం సగానికి వచ్చేసింది. చెవులు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. ఈ సీసాలు అప్పుడే ఉంటేనా, అనిపించింది.

ఇంజెక్టరు విప్పే ముందు అన్వర్ చిన్న కుంచెతో, తెల్లరంగుతో, ఇంజను మీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వేశాడు. ఒకటి పక్కన బాణం గుర్తు కూడా.

"మిషను నంబరు చెప్పింది గద, మళ్ళ రంగెందుకు?" అన్నాను.

"అబ్బా పెట్టిన రివాజు మేడం. ఎన్కట ఒక బండిల లెక్క తప్పిందంట. ముందర నిలవడ్డోని ఒకటి వేరే, సీటు దిక్కున్నోని ఒకటి వేరే. గప్పటి సంది, నంబర్లు ఎయ్యకుంట నట్లిప్పే పాన ముట్టొద్దని మాకు కసమ్ పెట్టిండు. కరణ్‌కోటల గ్రీజు కొట్టే లారీలకు గూడ ఏసేటోడు. అందరు నవ్వేటోళ్ళు."

"లెక్క తప్పిందెవరో చెప్పిండా?"

"ఎన్నడు చెప్పలే. మా అమ్మీ ఎన్నోసార్లడిగింది, ఎవరి దెబ్బకు పని పోయింది అని. 'ఏ దిక్కు నుంచి బిడ్డా అని అడుగుడు ఉస్తాద్ పని. నేనడగలే, తప్పు నాదే' అనేటోడు. గంతే."

బిడ్డా. ఆ మాట చెప్పాడు, పేరు చెప్పలేదు. తప్పు నా లెక్కదని ఆయనకు తెలుసు. గ్రీజు డబ్బా పట్టుకుని కరణ్‌కోట బస్సెక్కిన మొదటి రోజుకే తెలుసు.

"ఆ బిడ్డను నేనే అన్వర్" అన్నాను. పట్టపగలు, పనివాళ్ళందరి ముందు అన్నీ చెప్పాను. నాయన అన్న మాట, నేను అనని మాట, తాళంచెవితో సహా. అతను కుంచె కడగడం ఆపి విన్నాడు. తిడితే బాగుండుననిపించింది. "మా చిన్నతనంల మస్తు కష్టమాయె ఆపా" అన్నాడు చివరికి. మేడం పోయి ఆపా, అంటే అక్క, ఎప్పుడు వచ్చిందో నేను గమనించలేదు. లేచి లోపలికి పోయి, పాతగుడ్డలో చుట్టినదొకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. పొడుగాటి పేచ్‌కస్. చెక్కపిడి మీద రెండు వైపులా పళ్ళ గాట్లు, వేలు పెడితే వేలు దిగేంత లోతు.

ఇంజెక్టరు మార్చి అతను ఇంజను స్టార్టు చేశాడు. "సూడుండ్రి ఆపా, ఎట్లుందో" అన్నాడు. ఈసారి ఎవరూ ఆక్సిలరేటరు తొక్కలేదు. నెమ్మదిగా నడవనిచ్చాం. నేను పేచ్‌కస్ మొనను ఇంజను మీద ఆనించాను. పిడిని చూశాను. మా వంటింటి కిటికీ గూడు, పగిలిన అంచు గ్లాసు గుర్తొచ్చాయి. ఆ ఎంగిలి పిడిని నా పళ్ళ మధ్య పెట్టి, ఆయన గాట్లలోనే గట్టిగా కరిచాను. చప్పుడు చెవిలోకి కాదు, నేరుగా తలలోకి, ఎముకల్లోకి వచ్చింది. నాలుగూ సమానంగా కొట్టుకుంటున్నాయి. నా కళ్ళు కారిపోతున్నాయి, అన్వర్ అటు తిరిగి నిలబడ్డాడు. నేను పిడిని నోట్లోంచి తీసి, వినలేని ఆ మనిషికి, పెదాలు స్పష్టంగా కదిలేలా, మెల్లగా చెప్పాను.

"రెండోది ఉస్తాద్. ఫ్యాను దిక్కు నుంచి రెండోది."